గాజు తొడిగినట్టు: బిగుతు టైరు వెనకున్న లెక్క

కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లోని రాబర్ట్‌సన్‌పేటలో ఒక పాత సైకిల్ షాపు ఉంది. బోర్డు మీద అక్షరాలు ఎప్పుడో వెలిసిపోయాయి. గుమ్మం ముందు నీళ్ల తొట్టి, పక్కన కాలితో తొక్కే పంపు, గోడకు వేలాడే పాత టైర్లు చూస్తే చాలు, అది సైకిల్ షాపని తెలుస్తుంది. ఒక ఆదివారం పొద్దున మా అక్క కొడుకును వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాను. వాడి చేతిలో సన్న టైరు సైకిలు వెనక చక్రం ఉంది. ముందురోజు రాత్రి కొత్త టైరు ఎక్కించబోయి రెండు గంటలు కుస్తీ పట్టాడు. చుట్టూ సాఫీగా ఎక్కిన టైరు చివరి జానెడున్నర దగ్గర మొండికేసింది. ప్లాస్టిక్ లివర్లు రెండు విరిగాయి, బొటనవేళ్లు బొబ్బలెక్కాయి. విసిగిపోయి స్క్రూడ్రైవర్ దూర్చి ఒక్క తన్ను తన్నాడు. టైరు ఎక్కింది గానీ లోపలున్న ట్యూబుకు చిల్లి పడింది.

షాపు మేస్త్రీకి డెబ్భై ఏళ్లు దాటి ఉంటాయి. చక్రం అందుకుని ఒక్కసారి తిప్పి చూశాడు. "బలం పెట్టినావా నాయనా? దీనికి బలంతో పనిలేదు. గుంతలోకి దింపల్ల" అన్నాడు. ట్యూబుకు అతుకు వేసి, చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, రెండు అరచేతులతో టైరును చుట్టూ నొక్కుకుంటూ వచ్చాడు. పిండి పిసికినట్టు ఒకటికి రెండుసార్లు నొక్కాక, చివరి ముక్కను బొటనవేళ్లతో అలా తోశాడు. టప్పుమని లోపలికి పడింది. వక్కాకు నమిలినంత సేపు కూడా పట్టలేదు. లివరు ముట్టుకోనే లేదు.

వాడి ఇరవై ఏళ్ల కండలకు లొంగని టైరు ఆ ముసలి వేళ్లకు ఎలా లొంగింది? దానికి జవాబు ఈ అధ్యాయం. అందులో మంత్రమేమీ లేదు, హైస్కూల్లో చదువుకున్న వృత్తం చుట్టుకొలత సూత్రం ఒక్కటే ఉంది.

అరుగు, గట్టు, గుంత

టైరు సాగే రబ్బరు అని మనం అనుకుంటాం. పైన ఉన్నది రబ్బరే, దాని లోపల నూలో నైలానో అల్లిక ఉంటుంది. రెండు అంచుల్లో మాత్రం ఒక్కో తీగ చుట్టి ఉంటుంది. మామూలు టైరులో అది ఉక్కు తీగ. మడతపెట్టి జేబులో పెట్టుకోగలిగే ఖరీదైన టైరులో కెవ్లార్ లాంటి గట్టి నార. రెండూ సాగవనే చెప్పాలి. బొటనవేళ్ల బలానికి ఆ చుట్టు మొత్తం మీద ఒక మిల్లీమీటరు సాగితే గొప్ప. కాబట్టి టైరు ఎక్కించడమంటే సాగే రబ్బరును లాగడం కాదు, సాగని ఉంగరాన్ని తనకన్నా పెద్ద చక్రం మీదుగా దాటించడం.

ఇక రిమ్మును అడ్డంగా కోసి చూశామనుకోండి. రెండు వైపులా రెండు గట్లు లేచి ఉంటాయి. ఒక్కో గట్టుకు లోపలివైపు టైరు అంచు కూర్చునే చిన్న అరుగు ఉంటుంది. రెండు అరుగుల మధ్య, సరిగ్గా నడుమ, ఒక గుంత ఉంటుంది. గాలి నిండాక టైరు అంచులు అరుగుల మీద కూర్చుంటాయి. ఆ గుంతకు అప్పుడు ఏ పనీ ఉన్నట్టు కనిపించదు. దాని పనల్లా టైరు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూనే.

మన ఊళ్లలో గాజులమ్మ మలారం దించుకుని కూర్చుని పెళ్లికూతురికి గాజులు తొడగడం చూసే ఉంటారు. గాజు సాగదు. మణికట్టుకు సరిపోయే గాజు అరచేయి వెడల్పు కన్నా చిన్నది. అయినా ఎక్కుతుంది. గాజులమ్మ గాజును లాగదు, చేతిని మెత్తగా పిసికి, బొటనవేలిని అరచేతి గుంతలోకి మడిచి, వెడల్పును తగ్గిస్తుంది. అరచేతికి గుంత ఎలాంటిదో రిమ్ముకు నడుమ గుంత అలాంటిది. మేస్త్రీ చేసింది సరిగ్గా గాజులమ్మ చేసే పనే.

భూమి చుట్టూ తాడు

లెక్కలోకి వెళ్లేముందు ఒక పాత పొడుపు లెక్క. భూమధ్యరేఖ చుట్టూ నేలకు ఆనించి బిగుతుగా తాడు కట్టామనుకుందాం. దాని పొడవు సుమారు 40,075 కిలోమీటర్లు. ఇప్పుడు ఆ తాడు అంతటా నేల నుంచి ఒక మీటరు ఎత్తున ఉండాలంటే ఇంకెంత తాడు అతకాలి? వందల కిలోమీటర్లు కావాలని చాలామంది అంటారు. నిజానికి కావలసింది 6.28 మీటర్లే. చుట్టుకొలత అంటే వ్యాసార్థానికి 6.28 రెట్లు. వ్యాసార్థం ఒక మీటరు పెరిగితే చుట్టుకొలత 6.28 మీటర్లు పెరుగుతుంది. అది భూగోళమైనా, గాజైనా, సైకిల్ చక్రమైనా అంతే.

ఈ లెక్కను తిప్పి చదివితే మన పని తేలిపోతుంది. తీగ చక్రం చుట్టూ ఒక మిల్లీమీటరు లోపలికి దిగితే 6.28 మిల్లీమీటర్ల పొడవు మనకు మిగులుతుంది. మిల్లీమీటరు అంటే చాలా చిన్నది. కానీ చుట్టంతా కలిసేసరికి అది వేలి వెడల్పులో సగం దాకా వస్తుంది.

జానెడున్నర లెక్క

మా వాడి చక్రం 622 మిల్లీమీటర్ల కొలతది. అంటే టైరు అంచు కూర్చునే అరుగు దగ్గర వ్యాసం 622. తీగ చుట్టుకొలత సుమారు 1954 మిల్లీమీటర్లు. గట్టు అరుగు కన్నా 6 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉందనుకుందాం. అప్పుడు గట్టు అంచు వెంబడి చుట్టుకొలత 1992. తీగకన్నా 38 మిల్లీమీటర్లు ఎక్కువ. తీగను గట్టు మీదుగా ఒకేసారి ఎక్కించడం ఎవరితరమూ కాదు. అందుకే ఒక చోట మొదలుపెట్టి కొంచెం కొంచెంగా ఎక్కిస్తాం.

చక్రంలో ఆరింట ఐదు వంతులు ఎక్కింది, ఆరో వంతు మిగిలింది అనుకుందాం. మిగిలిన ముక్క సుమారు 33 సెంటీమీటర్లు, అంటే మా వాణ్ని ఏడిపించిన ఆ జానెడున్నరే. ఈ ముక్క గట్టు మీదుగా దాటాలంటే, అరుగు మీద పడే దూరం కన్నా సుమారు 6.3 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు కావాలి. ఆ పొడవు ఎక్కడినుంచి రావాలి?

అప్పటికే ఎక్కిన ఐదు వంతుల తీగ అరుగు మీదే కూర్చుని ఉంటే, మిగులు సున్నా. ఎంత బలం పెట్టినా ఎక్కదు. లివరు విరగాలి, లేదా రిమ్ము గట్టు దెబ్బతినాలి. అదే తీగ గుంతలోకి 3 మిల్లీమీటర్లు దిగిందనుకోండి. ఐదు వంతుల చుట్టుకు సుమారు 15.7 మిల్లీమీటర్ల పొడవు మిగులుతుంది. కావలసింది 6.3, చేతిలో ఉన్నది 15.7. బొటనవేళ్లు చాలవూ?

మేస్త్రీ టైరును చుట్టూ ఎందుకు నొక్కాడో ఇప్పుడు అర్థమవుతుంది. టైరు అంచులు తమంత తాము గుంతలోకి దిగవు, ట్యూబు ఉబ్బి వాటిని మళ్లీ అరుగు మీదికి తోస్తూ ఉంటుంది. అందుకే రెండు అంచులనూ దగ్గరికి పిసికి, నడుమకు నెట్టి, మిగిలిన ఆ సడలింపునంతా చేతులతో తోడుకుంటూ చివరి ముక్క దగ్గరికి తేవాలి. నీరు పల్లమెరుగు అంటారు. టైరు తీగకు పల్లం మనమే చూపించాలి.

రిమ్ టేపు దొంగతనం

రిమ్ము నడుమ స్పోకుల రంధ్రాల మీద ఒక టేపు వేస్తారు. రంధ్రాల అంచులు ట్యూబును కోయకుండా కాపాడడం దాని పని. ఆ టేపు సరిగ్గా గుంతలోనే కూర్చుంటుంది. అంటే అది ఎంత మందం ఉంటే గుంత అంత పూడుకుపోతుంది. పై లెక్కలో గుంత లోతు 3 మిల్లీమీటర్లు. మందపాటి గుడ్డ టేపు ఒక మిల్లీమీటరు తినేస్తే మిగులు పొడవు 10.5కి పడిపోతుంది. పాత టేపు తీయకుండా దాని మీదే ఇంకోటి వేసి 2 మిల్లీమీటర్లు పూడ్చామంటే మిగిలేది 5.2. మనకు కావలసింది 6.3. అంతే, నిన్నటిదాకా చక్కగా ఎక్కిన టైరు ఇవాళ ఎక్కదు. టైరు కొత్తది గనక బిగుతుగా ఉంది అనుకుంటాం. తప్పు టైరుది కాదు, కంటికి కనపడని టేపుది. మా వాడి చక్రంలో జరిగింది ఇదే. మేస్త్రీ అతుకు వేసేముందు పాత టేపు ఒకటి చిటికెన వేలితో లాగి పారేశాడు. నేను అప్పుడు గమనించలేదు. ఇంటికి వచ్చి లెక్క వేసుకున్నాకే ఆ చేతి కదలిక విలువ తెలిసింది.

ట్యూబు లేని టైర్లకు తగిన కొత్త రిమ్ముల్లో బిగుతు ఇంకా ఎక్కువ. గాలి జారిపోకుండా తీగ అరుగు మీద గట్టిగా కూర్చోవాలి గనక, అరుగుకూ గుంతకూ మధ్య చిన్న మిట్ట ఉంచుతారు. దాన్ని దాటించి తీగను గుంతలోకి నెట్టడానికి ఓపిక కావాలి. సూత్రం మాత్రం మారదు.

బిగుతు ఎందుకు కావాలి

ఇంత కష్టమెందుకు, తీగను కాస్త వదులుగా చేస్తే పోదా అని అడగవచ్చు. టైరును రిమ్ము మీద పట్టి ఉంచేది ఆ తీగ బిగుతే. లోపలి గాలి టైరును అన్ని వైపులా బయటికి నెడుతుంది. తీగ సాగినా, వదులుగా ఉన్నా, టైరు గట్టు దాటి బయటికి లేస్తుంది, ట్యూబు బుడగలా ఉబికి పేలుతుంది. దిగువలో వేగంగా పోతున్నప్పుడు ముందు చక్రానికి అలా జరిగితే ప్రాణాపాయం. ఎక్కేటప్పుడు ఏడిపించే బిగుతే దారిలో మనల్ని కాపాడుతుంది.

ఈ కిటుకు ఒక్కరోజులో పుట్టలేదు. చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో రబ్బరును గంధకంతో ఉడికించి గట్టిపరిచే పద్ధతి కనిపెట్టాడు. 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు గానీ, అప్పటికి దాన్ని వేసుకునే సైకిలే లేదు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ మళ్లీ కనిపెట్టిన గాలి టైరుకు పేటెంటు పొందాడు. అది రిమ్ముకు అంటించినది. ముల్లు గుచ్చుకుంటే ఊడదీయడానికి గంటలు పట్టేది, తిరిగి అంటించిన జిగురు ఆరడానికి రాత్రంతా ఆగాలి. 1889లో ఫ్రాన్సులో మిషెలిన్ సోదరుల కార్ఖానాకు అలాంటి చక్రం ఒకటి బాగుచేతకు వచ్చింది. ఆ తిప్పలు చూశాకే వాళ్లు ఊడదీయగల టైరు కోసం పట్టుబట్టి 1891లో సాధించారు. ఇంగ్లండులో చార్లెస్ వెల్చ్ 1890లో అంచులో సాగని తీగ పెట్టే పద్ధతికి పేటెంటు పొందాడు. మనం ఇవాళ వాడుతున్నది ఆ తీగ టైరు వంశమే.

ఆ ఏళ్లు కోలారు బంగారు గనులకూ ముఖ్యమైనవే. గనుల కంపెనీ జాన్ టేలర్ అండ్ సన్స్ 1880లో ఇక్కడ అడుగుపెట్టింది. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రాలూ దాదాపు సమంగా ఉన్న రోవర్ సైకిలు తెచ్చాడు. 1902లో శివనసముద్రం జలవిద్యుత్తు గనులకు చేరింది. యంత్రాలు, ఉక్కు, రబ్బరు కలిసి మనుషుల నడకను మార్చిన కాలమది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక మద్రాసులో టీఐ సైకిల్స్ 1949లో, సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లూధియానాలో హీరో 1956లో మొదలయ్యాయి. ఆ నల్ల సైకిళ్లు చాంపియన్ రీఫ్ నుంచి ఆండర్సన్‌పేట దాకా ఇంటింటి వాహనాలయ్యాయి. ఇక్కడ పేటకూ పేటకూ మధ్య దూరం సైకిలుకు కొలిచి పెట్టినట్టు ఉంటుంది.

ఇరవై ఆరంటే ఏ ఇరవై ఆరు?

కొన్నిసార్లు టైరు బిగుతు కాదు, అసలు ఆ చక్రానిదే కాదు. సైకిలు టైర్ల అంగుళాల లెక్క అంత గజిబిజి ఇంకెక్కడా ఉండదు. 28 × 1½ అని రాసే మన పాత నల్ల సైకిలు టైరు అరుగు వ్యాసం 635 మిల్లీమీటర్లు. 700సి అని రాసే సన్న టైరుది 622. చూపుకు రెండూ ఒకటే, తేడా 13 మిల్లీమీటర్లే. కానీ చుట్టుకొలతలో అది 41 మిల్లీమీటర్ల తేడా. ఏ గుంతా దాన్ని పూడ్చలేదు.

ఇరవై ఆరు అంగుళాలది ఇంకా మోసం. 26 × 1.75 అంటే 559. 26 × 1½ అంటే 584. 26 × 1⅜ అంటే 590. చివరి రెండింటి మధ్య తేడా 6 మిల్లీమీటర్లు, చుట్టుకొలతలో 19. ఎక్కేటట్టే ఊరించి చివర మొండికేస్తుంది. అందుకే అంగుళాలు నమ్మవద్దు. టైరు పక్కన 28-622 అనో, 40-635 అనో చిన్న అక్షరాల్లో రెండు అంకెలు ఉంటాయి. మొదటిది టైరు వెడల్పు, రెండోది అరుగు వ్యాసం. రిమ్ము మీది అంకె, టైరు మీది రెండో అంకె ఒకటే అయితే డబ్బు ఇవ్వండి.

చేతులు నేర్చుకోవలసిన వరస

మేస్త్రీ చేతులు చేసిన పనిని వరసగా చెబుతాను. ముందు టైరు ఒక అంచును పూర్తిగా ఎక్కించాలి. ట్యూబుకు దాని ఆకారం నిలిచేంత మాత్రం గాలి కొట్టి లోపల సర్దాలి. గాలి బొత్తిగా లేకపోతే ట్యూబు మడతపడి అంచు కింద చిక్కుతుంది, ఎక్కువైతే తీగను గుంతలోకి దిగనివ్వదు.

రెండో అంచును వాల్వుకు సరిగ్గా ఎదురుగా ఉన్న చోట మొదలుపెట్టి, రెండు చేతులూ రెండు వైపుల నుంచి వాల్వు దగ్గరికి తేవాలి. ఎక్కువమంది దీన్ని తలకిందులు చేస్తారు. వాల్వు దగ్గర ట్యూబు మొదలు మందంగా ఉంటుంది, అది గుంతను పూడ్చేస్తుంది. అక్కడ మొదలుపెడితే ఆ భాగం తీగ ఎప్పటికీ కిందికి దిగదు, మన మిగులులో కొంత అక్కడే పోతుంది. అందుకే వాల్వు దగ్గర ముగించాలి.

చివరి ముక్క మొండికేస్తే తోయడం ఆపి, ఎదుటివైపుకు వెళ్లి మళ్లీ నొక్కుకుంటూ రండి. రెండుసార్లు చేస్తే మిగులు చేతికి వస్తుంది. అంచుకు కాస్త సబ్బు నీళ్లు రాస్తే రబ్బరు జారుతుంది. ఎక్కాక వాల్వును ఒకసారి లోపలికి నెట్టి, మళ్లీ లాగండి, అంచు కింద ట్యూబు చిక్కి ఉంటే బయటపడుతుంది. చుట్టూ టైరును వేళ్లతో పక్కకు తీసి ట్యూబు కనపడుతోందేమో చూసి, అప్పుడే గాలి కొట్టండి.

ముల్లు చెప్పే సంగతి

మా వైపు దారులకు ఇరుపక్కలా సర్కారు తుమ్మ. దాని ముల్లు గట్టిది, పొడవైనది. ఎండాకాలంలో పొలంగట్లనుంచి పల్లేరు కాయలూ రోడ్డెక్కుతాయి. ఆ కాయ ఎలా పడ్డా ఒక ముల్లు పైకే లేచి ఉంటుంది. సైకిలు తొక్కేవాళ్లకు ఈ రెండూ బాగా పరిచయం.

చిల్లి ఎక్కడ, ఎలా పడిందో చూస్తే కారణం తెలుస్తుంది. ట్యూబు బయటివైపు ఒక్కటే సూది చిల్లి ఉంటే ముల్లు. లోపలివైపు, రిమ్ము వైపు ఉంటే స్పోకు రంధ్రమో, టేపు జరిగిందో. ఎదురెదురుగా రెండు గాట్లు ఉంటే గాలి తక్కువగా ఉన్నప్పుడు గుంటలో పడి రిమ్ము గట్లు ట్యూబును నొక్కాయి. అంచు దగ్గర గీత ఉంటే లివరో స్క్రూడ్రైవరో. కారణం తెలుసుకోకుండా అతుకు వేస్తే, టైరులో మిగిలిపోయిన ముల్లు పది నిమిషాల్లో మళ్లీ పొడుస్తుంది. టైరు మీది కంపెనీ పేరు వాల్వు దగ్గరే ఉండేలా బిగించే అలవాటు చేసుకుంటే, ట్యూబు చిల్లిని బట్టి టైరులో ముల్లు ఎక్కడుందో సులువుగా కొలిచి పట్టుకోవచ్చు.

అతుకులో అందరూ చేసే తప్పు తొందర. ఉప్పు కాగితంతో రుద్ది సొల్యూషన్ రాశాక, అది ఆరాలి. సొల్యూషన్ అంటే ఆవిరయ్యే ద్రవంలో కరిగించిన రబ్బరు. ద్రవం ఎగిరిపోయి, వేలితో తాకితే అంటీ అంటనట్టు ఉన్నప్పుడే బిళ్ళ పెట్టి గట్టిగా నొక్కాలి. తడి మీద పెడితే ద్రవం లోపల చిక్కుకుని అతుకు లేస్తుంది. షాపు మేస్త్రీలు సొల్యూషన్ రాసి ఇంకో పని చూసుకోవడం బద్ధకం కాదు, ఆరడానికి ఇచ్చే సమయం.

పాత సైకిలు వాల్వులో ఒక చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది, వాల్వు ట్యూబు అంటాం. పంపు కొట్టినప్పుడు గాలి దాన్ని పక్కకు నెట్టి లోపలికి పోతుంది, ఆగగానే రబ్బరు రంధ్రాన్ని మూసేస్తుంది. అది ఎండకు పగిలితే గాలి మెల్లగా దిగుతుంది. చిల్లి దొరకక ట్యూబును పదేపదే తొట్టిలో ముంచేముందు వాల్వు మీద తడి వేలు పెట్టి బుడగ లేస్తుందేమో చూడండి.

గాలి, దుమ్ము, వాన

మనిషి, సైకిలు కలిపి 80 కిలోలు, వెనక చక్రం మీద అందులో 48 అనుకుందాం. టైరులో 60 పౌండ్ల గాలి, అంటే చదరపు సెంటీమీటరుకు 4.2 కిలోలు. బరువును ఈ ఒత్తిడితో భాగిస్తే టైరు రోడ్డును తాకే మేర తేలుతుంది, సుమారు 11 చదరపు సెంటీమీటర్లు. అగ్గిపెట్టె కన్నా చిన్న చోటు మీద మన బరువు, బ్రేకు, మలుపు అన్నీ నిలుస్తాయి. గాలి తగ్గితే ఆ మేర పెరిగి తొక్కడం బరువవుతుంది, గుంటల్లో ట్యూబు తెగుతుంది. మరీ ఎక్కువైతే ప్రతి రాయీ నడుముకు తగులుతుంది. వారానికొకసారి గాలి చూసుకోవడం పెద్ద పనేమీ కాదు.

20 డిగ్రీల పొద్దున 60 పౌండ్లు కొట్టిన టైరు, మధ్యాహ్నం రోడ్డు మీద 50 డిగ్రీలకు వేడెక్కితే ఒత్తిడి 67 దాటుతుంది. మంచి టైరు దీన్ని తట్టుకుంటుంది. అంచు పగిలిన పాత టైరును మాత్రం ఎండలో నిలపకండి.

కేజీఎఫ్‌లో ఇంకో సంగతి ఉంది. ఊరి పక్కన కొండల్లా లేచిన సైనైడ్ దిబ్బలు గనుల్లోంచి తీసి, పొడిచేసి, బంగారం తీసుకున్నాక పారేసిన మట్టి. ఇక్కడి బంగారం స్ఫటికశిల నరాల్లో దొరికేది. ఆ స్ఫటికం ఉక్కును గీయగలిగేంత గట్టిది. గాలి వీచినప్పుడు ఆ మెత్తని బూడిదరంగు దుమ్ము ఊరంతా లేస్తుంది, నూనె కారే చైను మీద పడి సాన పట్టే ముద్దగా తయారవుతుంది. చైను సాగింది అంటాం గానీ, నిజానికి చైను ఉక్కూ సాగదు. దాని కీళ్లలోని పిన్నులు అరిగి, ఒక్కో కీలులో వెంట్రుకంత ఖాళీ ఏర్పడి, ఆ ఖాళీలన్నీ కూడితే పొడవు పెరుగుతుంది. అర అంగుళం కీళ్లు 24 కలిస్తే సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. స్కేలు పెట్టి కొలిస్తే అర సూతు పైన పెరిగిందంటే చైను మార్చే సమయం వచ్చింది. ఆలస్యం చేస్తే పళ్లచక్రాలు కూడా దానితో పోతాయి. మందు సులువే. ప్రతి కీలుకూ ఒక్క చుక్క నూనె, కాసేపటి తర్వాత పైనున్నదంతా పాత గుడ్డతో తుడిచేయడం. నూనె లోపల ఉండాలి, పైన ఉంటే దుమ్మును పిలుస్తుంది.

వానలో పాత సైకిలు తొక్కేవారు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. మెరుగుపోసిన ఉక్కు రిమ్ము తడిస్తే రబ్బరు బ్రేకు పట్టు బాగా పడిపోతుంది. దిగువ మొదలుకాక ముందే బ్రేకు తేలికగా రాసి నీటిని తుడవాలి, ముందు బండికి దూరం రెట్టింపు ఉంచాలి. కోలారు మార్కెట్టుకు టమాటా బండ్లు పోయే రోడ్ల మీద ఈ మాట మరిచిపోకూడదు.

బేతమంగళం దారిలో

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అప్పటినుంచి ఇక్కడి వాళ్లు వేలమంది పొద్దున్నే రైలెక్కి బెంగళూరుకు పనికి పోతున్నారు. మారికుప్పం, చాంపియన్, ఊరుగాం, కోరమండల్ స్టేషన్లకు చీకటితోనే చేరేవాళ్లలో సైకిళ్ల మీద వచ్చేవాళ్లూ ఉన్నారు. ఆ వేళలో పంక్చరైతే రైలు పోతుంది, రైలు పోతే ఆ రోజు కూలి పోతుంది. టైరు ఎక్కించే విద్య సరదా కోసం నేర్చుకునేది కాదని అందుకే అంటాను. అది బతుకుతెరువుకు సంబంధించిన విద్య. బడిలో వృత్తం చుట్టుకొలత చెప్పే రోజున ఒక పాత చక్రం తెచ్చి పిల్లల చేతికి ఇస్తే, లెక్కా నిలుస్తుంది, విద్యా నిలుస్తుంది.

షాపుకు వెళ్లిన మూడు వారాలకు నేనూ మా వాడూ బేతమంగళం వైపు వెళ్లాం. పాలారు మీది చెరువు ఇంకా కనపడక ముందే వాడి వెనక టైరు దిగిపోయింది. తుమ్మ ముల్లు. వాడు చింతచెట్టు కింద కూర్చున్నాడు. చిల్లి బయటివైపు ఉందని చూశాడు, వాల్వునుంచి కొలిచి టైరులో ముల్లు పట్టుకుని పళ్లతో లాగాడు. సొల్యూషన్ రాసి, ఆరేదాకా నాతో మాట్లాడాడు. బిళ్ళ పెట్టాడు. వాల్వుకు ఎదురుగా మొదలుపెట్టి, మోకాళ్ల మధ్య చక్రం ఇరికించుకుని, పిండి పిసికినట్టు చుట్టూ నొక్కుకుంటూ వచ్చాడు. చివరి జానెడున్నర దగ్గర ఆగింది. వాడు తోయలేదు. మళ్లీ ఎదుటివైపుకు వెళ్లి నొక్కుకుంటూ వచ్చాడు. ఈసారి వాల్వు దగ్గర టప్పుమంది.

వాల్వును లోపలికి నెట్టి, లాగి, చుట్టూ వేళ్లతో తడిమి చూసుకుని, "మామా, పంపు ఇవ్వు" అన్నాడు.